పురుగుల కింద కడ పేజీ

"అత్తా, ఆ పుస్తకం ఇట్లియ్యి. పరిచేదానికి కాగితం చాల్లేదు."

"కడ పేజీ ఇంకా చదవలేదు. వేరేది చూసుకో."

"వేరేది యాడుండాది? పురుగు జ్వరానికి పోతాండాది. నీ కథ కోసం కాచుకుంటాదా?"

కోడలు పుస్తకం లాక్కుంది. మిగిలిన పేజీలు చింపి తట్టల్లో పరిచి, పట్టుపురుగులను వాటి మీదికి మార్చింది.

పెనుకొండ అవతల, నా కొడుకూ కోడలూ పురుగులు పెంచే రేకుల షెడ్డుకు నేను కాపలాకు వచ్చి అప్పటికి వారమైంది. మబ్బు, చలిగాలి. నా సామాను రెండు చీరలు, కళ్లద్దాలు, హిందూపురంలో తూకానికి కొన్న మూడు పాత నవలలు. తట్టల్లో పరచడానికే కొన్నాను. ఊరికే చింపడమెందుకని ముందు చదివాను. నేను చదివింది మూడో తరగతి. కూడబలుక్కుంటే అర్థమవుతుంది.

మొదటి దాంట్లో పెద్దింటి పిల్ల పేజీలకు పేజీలు ఏడ్చింది. ఆ ఇంట్లో పొయ్యి ఎవరు ముట్టించారో రాయలేదు. రెండో దాంట్లో మగవాడు కిటికీ దగ్గర కూర్చుని ప్రేమించాడు. ఒక్క పనీ చేయలేదు. ఆ రెండూ నేనే చింపి పరిచాను. మూడో దాంట్లో ఒకామె బిడ్డను చంకనేసుకుని ఊరు దాటుతోంది. మొగుడు వెనకే వస్తున్నాడు. దూరంగా బస్సు. అంతవరకే చదివాను.

జ్వరమంటే పురుగు పాత పొర విడిచే ముందు పడే నిద్ర. కోడలి ఆజ్ఞ ఒకటే: కదిలించరాదు, తడి తగలరాదు. ఈ పంట పోతే మల్బరీ తోట పీకేసి అందరం ధర్మవరం మగ్గాలకు పోదామని మా కొడుకు చెప్పి, అక్కడ పని చూడటానికి వెళ్లాడు. ఆ తోట నాటింది కోడలు.

సాయంత్రం వాన పట్టుకుంది. రేకు కారింది, సరిగ్గా ఆ కడ పేజీ ఉన్న తట్ట మీద. గిన్నె ఎత్తి పట్టి నిలబడ్డాను. కోడలు టార్పాలిన్ పట్ట తీసుకుని కప్పు మీదికెక్కింది.

"ఇప్పుడు?"

"కారతాండాది. ఎడమకు లాగు."

"ఇప్పుడో?"

"ఇంకా ఉండాది. జారతావు, నిదానం."

కింద పురుగులు తలలెత్తి, కదలకుండా ఉన్నాయి. వాటి సందుల్లో అక్షరాలు. 'బస్సు' అన్న మాట కనిపించింది. దాని పక్క మాట మీద ఒక పురుగు. వేలితో జరిపితే తెలిసిపోతుంది. జరపలేదు. ఆ ఎత్తిన తలలు ఇప్పటికీ నా కళ్ల ముందే ఉన్నాయి.

"నిలిచింది. దిగు," అన్నాను.

మరుసటి పొద్దున పురుగులు లేచాయి. కొత్త ఆకు వేస్తే ఎక్కి మేశాయి. మా కొడుకు ధర్మవరం నుంచి వచ్చి తట్టలన్నీ చూశాడు. ఆకు కోసేదానికి కొడవలి తీసుకుని తోటలోకి పోయాడు. కోడలు తట్ట అడుగు నుంచి ఆ కడ పేజీ లాగి, దులిపి నా చేతికిచ్చింది. గుమ్మంలో నిలబడి చదివాను. కథలో ఆమె బస్సెక్కింది.

పదింటికి నేను, ఇంకో మూడు పాత నవలల కోసం, హిందూపురం బస్సెక్కాను.