మలేషియాలో నేను ఏరిన బంతులు

నాకు ముక్కు మీద కోపం. ముప్పై నాలుగేళ్లు లెక్కల టీచరుగా పనిచేశాను. తప్పు కనిపిస్తే ఎర్ర పెన్నుతో సున్నా చుట్టందే నా చెయ్యి ఊరుకునేది కాదు. ఆ గుణంతోనే మా తమ్ముణ్ణి రెండేళ్లు దూరం చేసుకున్నాను. వాడు మళ్లీ నాకు ఎలా దొరికాడో చెప్పాలంటే గోల్ఫ్ సంగతి చెప్పాలి. నూజివీడు మనిషికి గోల్ఫ్ ఏంటని మీరు నవ్వుకోవచ్చు. మా ఆయన ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నాడు.

మా మామిడితోట చాట్రాయి వైపు ఉంది. అంతా చిన్న రసాలే. నాన్న పోయాక తమ్ముడే చూసుకుంటున్నాడు. నేను నూజివీడు టౌన్లో ఉంటూ మైలవరంలో బడికి వెళ్లివచ్చేదాన్ని. రిటైరయిన నెలలో తోటి టీచర్లందరికీ తలో పెట్టె రసాలు ఇవ్వాలనుకున్నాను. వాడితో అంటే, "నీ పెట్టెలు నా చేత్తో సర్దిస్తానక్కా, నువ్వొచ్చి చూసుకో" అన్నాడు. కోత రోజు పొద్దున్నే వెళ్లాను. మగవాళ్లు చెట్లెక్కి, గెడ చివర వల కట్టిన చిక్కంతో కాయలు దింపుతున్నారు. ఆడవాళ్లు నీడలో కూర్చుని పెట్టెల్లో వరిగడ్డి పరిచి సర్దుతున్నారు. నేను ఆ చెట్టుకీ ఈ చెట్టుకీ తిరుగుతూ అందరితో కబుర్లు చెప్పాను. చాలా సంతోషంగా ఉన్నాను ఆ రోజు.

మా వైపు తోట చేసేవాళ్లకి ఒక కట్టుబాటు ఉంది. చెట్టు మీద నుంచి దింపిన కాయ వేరు, నేల మీద రాలిన కాయ వేరు. రాలుకాయకి తగిలిన దెబ్బ పైకి కనపడదు. మూడు రోజులు పోయాక లోపల నల్లబడి, పక్కనున్న వాటిని కూడా పాడుచేస్తుంది. అందుకని రాలుకాయల బుట్ట దూరంగా పెడతారు. అవి పచ్చళ్లకీ ఒరుగులకీ పోతాయి. దింపిన కాయల్లో రాలుకాయ కలిపాడు అన్నారంటే, ఇక ఆ రైతు మొహాన ఉమ్మేసినట్టే.

పెట్టెలు ఇచ్చిన వారానికి మా హెడ్మాస్టరు గారు ఫోన్ చేశారు. "మధ్య వరసలో కొన్ని చెడిపోయాయి టీచరు గారూ. మిగతావి మాత్రం అమృతం. ఏమీ అనుకోకండి" అన్నారు పాపం, ఎంతో మర్యాదగా. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంకో ఇద్దరికి ఫోన్ చేసి అడిగాను. ఒకావిడ నసుగుతూ, తన పెట్టెలో కూడా నాలుగు కుళ్లాయని చెప్పింది.

ఆ మర్నాడు కారేసుకుని తోటకి వెళ్లాను. కోత ఇంకా నడుస్తోంది. కూలీలందరూ చూస్తుండగా, దిగీ దిగకముందే అందుకున్నాను. "సొంత అక్క పెట్టెల్లోనే రాలుకాయలు కలిపావు. ఇంక బయటివాళ్లకి ఏం కలుపుతున్నావురా?"

కాయల తొడిమలు కత్తిరిస్తున్నవాడల్లా తలెత్తి నన్ను చూశాడు. కాదనలేదు. "సరే అక్కా" అన్నాడు, అంతే. మళ్లీ తల వంచుకుని పని చేసుకున్నాడు.

కాదనలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అని నేను తేల్చేసుకున్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. చర్చిలో చెప్పాను, చుట్టాలకి చెప్పాను, ఫోన్లో పలకరించిన ప్రతివాళ్లకీ చెప్పాను. "మా వాడు ఇలా తయారవుతాడనుకోలేదండీ" అని నిట్టూరుస్తూ మరీ చెప్పాను.

ఆ తర్వాత వాడు మా గుమ్మం తొక్కలేదు. వేసవి రాగానే పెట్టె మాత్రం వచ్చేది, ఎవరో ఒకరి చేత పంపేవాడు. ఆదివారం చర్చిలో వాడు ముందు వరసలో, నేను వెనక వరసలో. వాడి మెడ దగ్గర జుట్టు నెరుస్తోందని నేను అలా వెనక నుంచే చూశాను. పంతం మాత్రం వదల్లేదు. తప్పు వాడిది, వచ్చి క్షమించమని అడగాల్సింది వాడే అని కూర్చున్నాను.

మా ఆయనా, తమ్ముడి భార్యా కలిసి పన్నిన పన్నాగం ఈ మలేషియా టూరు. నలుగురం, ఆరు రోజులు. మాకు వేరువేరుగా చెప్పి, ఎయిర్‌పోర్టులో కలిపారు. అక్కడ అందరి ముందూ గొడవేం పెట్టుకుంటాం? వెళ్లాం. నాలుగు రోజులు మా మాటలన్నీ పక్కవాళ్ల ద్వారానే సాగాయి. "అక్క కాఫీ తాగుతుందేమో కనుక్కో" అని వాడు భార్యతో అనేవాడు. నేను పక్క కుర్చీలోనే ఉండేదాన్ని.

అయిదో రోజు కొండ మీద హోటల్లో దిగాం. టూరు వాళ్లు గోల్ఫ్ నేర్పించడం కూడా ప్యాకేజీలో పెట్టారు. తెల్లారేసరికి మా ఆయనకి మోకాలు నొప్పి వచ్చింది. మరదలికి తలనొప్పి. "డబ్బు కట్టాం వదినా, మీరిద్దరూ వెళ్లండి" అంది. వాళ్ల వేషాలు నాకు తెలియవా? అయినా వెళ్లాను. వాడితో ఒక గంటయినా ఉండాలని నాకూ ఉంది. ఆ మాట అప్పుడు ఒప్పుకునేదాన్ని కాదు.

నేర్పే ఆవిడ అక్కడే పుట్టిన తమిళావిడ, నలభై ఏళ్లుంటాయి. చీర మీద బూట్లేసుకుని వెళ్లిన నన్ను చూసి నవ్వు ఆపుకుంది. కర్ర ఎలా పట్టుకోవాలో, నడుము ఎలా తిప్పాలో చూపించింది. "ఒక్కటి గుర్తుపెట్టుకోండి. బంతి ఎక్కడ పడితే అక్కడి నుంచే కొట్టాలి. చేత్తో తీయకూడదు. మీదైనా, ఇంకొకరిదైనా" అని ఇంగ్లీషులో నెమ్మదిగా రెండుసార్లు చెప్పింది.

నేను కొట్టాను. బంతి కదల్లేదు, గడ్డి లేచింది. మళ్లీ కొట్టాను. మళ్లీ గడ్డే. ఆవిడ పచ్చిక ఏమైపోతుందోనని నాకే భయం వేసింది. మూడోసారికి బంతి పక్కకి దొర్లి ఆగింది. తమ్ముడు మాత్రం కర్ర ఒకసారి ఊపి చూసుకుని ఒక్క దెబ్బ వేశాడు. బంతి పైకి లేచి ఎక్కడో దూరాన పడింది. ఏళ్ల తరబడి చిక్కం ఎత్తిన చేతులు కదా. శభాష్‌రా అనబోయి మింగేశాను. వాడు నా వైపు చూశాడు, నేను అంటానేమోనని. అననందుకు నా మీద నాకే ఒళ్లు మండింది.

బంతిని కొట్టుకుంటూ పోయి గుంటలో వేయడమే ఆట. అలా మూడు గుంటలు ఆడాం. ఆడామంటే, వాడు ఆడాడు, నేను వెనకాల భుజానికి నా సంచీ తగిలించుకుని నడిచాను. చెట్ల వారగా నీడ ఉంది, చల్లటి గాలి. నేను ఏదో ఆలోచించుకుంటూ నడిచాను.

మూడో గుంట దగ్గర తెల్ల టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన మాకు ఎదురొచ్చాడు. ఆయన బంతి ఆ చెట్ల కింద పడిందట, కనిపించడం లేదు. మీరేమైనా తీశారా అని అడిగాడు. ఆయన మామూలుగానే అడిగాడు. నాకే రోషం వచ్చింది. "మీ బంతి మాకెందుకండీ? ముట్టుకోకూడదని మాకు చెప్పారు, మేం ముట్టుకోలేదు" అని క్లాసులో పిల్లల్ని కసిరినట్టు ఇంగ్లీషులో గట్టిగానే అన్నాను. ఆయన తెల్లబోయాడు. అయినా మర్యాద కోసం నేను కూడా వంగి పొదల్లో వెతకసాగాను.

"అక్కా, సంచీ ఇటివ్వు."

రెండేళ్ల తర్వాత వాడు నాతో నేరుగా అన్న మాట అది. ఎందుకో అర్థంకాకపోయినా ఇచ్చాను. వాడు జిప్పు తీసి చెయ్యి పెట్టి ఒక బంతి తీశాడు. తర్వాత ఇంకోటి. మరోటి. మొత్తం మూడు. మట్టి లేకుండా శుభ్రంగా తుడిచి ఉన్నాయి. నా పైట చెంగు చూసుకున్నాను. పచ్చిక మరకలు ఉన్నాయి.

ఒట్టేసి చెబుతున్నాను, వాటిని తీసినట్టు నాకు ఏమాత్రం గుర్తులేదు. ఇప్పటికీ లేదు.

తమ్ముడు ఆ పెద్దాయన దగ్గరికి వెళ్లి మూడూ చేతిలో పెట్టాడు. "సారీ సార్. నేనే తీశాను. నాకు ఆట తెలియదు, పొరపాటయింది" అన్నాడు, వాడికి వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో. పెద్దాయన తనది ఏరుకుని, వాడి భుజం తట్టి వెళ్లిపోయాడు.

అక్కడే బల్ల మీద కూలబడ్డాను. మా చిన్నప్పుడు గాలి వేసిన మర్నాడు అమ్మ మా ఇద్దర్నీ తోటలోకి తోలేది. కింద పడ్డ కాయని చూసి దాటిపోతే వీపు విమానం మోత మోగేది. తీయాలి, చెంగుతో తుడవాలి, ఒళ్లో వేసుకోవాలి. తమ్ముడు పెద్దయ్యాక తోట పనిలో పడి, చూసి వేరుచేయడం నేర్చుకున్నాడు. నేను చదువుకని వెళ్లిపోయాను. నా చేతులు అక్కడే ఆగిపోయాయి.

"ఒరేయ్, ఆ కోత రోజు కూడా ఇలాగే ఏరానా?" అని అడిగాను.

వాడు పక్కన కూర్చున్నాడు.

"తెలిసి చేశావా ఏంటక్కా."

"ఏరి పెట్టెల్లో వేశానా?"

"కబుర్లు చెబుతూ వేశావు. దగ్గరగా ఏ పెట్టె ఉంటే దాంట్లో. నేను చూశాను."

"చూసి ఊరుకున్నావా?"

"అందరి ముందూ నీ చెయ్యి పట్టుకుని ఆపమంటావా? నువ్వు వెళ్లాక తీసేద్దామనుకున్నాను. ఈలోగా లారీ వచ్చింది, ఆ హడావుడిలో మర్చిపోయాను. పెట్టెలు వెళ్లిపోయాయి. ఆ లెక్కన తప్పు నాదేగా. అందుకే సరే అన్నాను."

ఏడుపు ఆగలేదు. పరాయి దేశంలో, అంత పచ్చిక మధ్య, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. "నన్ను క్షమించరా" అన్నాను. ఆ మాట నా నోట ఎవరికీ తేలిగ్గా రాదు, వాడికి తెలుసు. "పోనీలే అక్కా" అన్నాడు. "ఊళ్లో నా గురించి అన్నవి వింటుంటే మాత్రం కష్టంగా ఉండేది" అన్నాడు మళ్లీ. నా మొహం చూడకుండా అన్నాడు.

ఇంటికి వచ్చాక ఫోన్ పట్టుకున్నాను. హెడ్మాస్టరు గారితో మొదలుపెట్టి, ఎవరెవరికి చెప్పానో అందరికీ చేసి, తప్పు నాదని చెప్పాను. చర్చిలో సాక్ష్యం చెప్పే సమయంలో లేచి చెప్పాను. కానీ మొదట ఆ మాట అన్న చోటు ఇంకా మిగిలే ఉంది. మే నెలలో కోత మొదలవగానే తోటకి వెళ్లాను. అందరూ ఒకచోట ఉన్న సమయం చూసి నిలబడ్డాను. "ఆ రోజు మీ అందరి ముందూ మా తమ్ముణ్ణి అనరాని మాట అన్నాను. ఆ రాలుకాయలు పెట్టెల్లో వేసింది నేను. వాడు కాదు" అన్నాను.

తమ్ముడు అటు తిరిగి, సర్దిన పెట్టెనే మళ్లీ సర్దుతున్నాడు. అమ్మ ఉన్నప్పటి నుంచీ మా తోటలో పెట్టెలు సర్దే పెద్దామె లేచి నా దగ్గరికి వచ్చింది.

"మాకు తెలుసు టీచరమ్మ గారూ. మీ పెట్టెలు సర్దించుకోవడానికి వచ్చిన రోజు మీరేయడం మేమూ చూశాం. తర్వాత ఆయన్ని తిట్టి మీరు కారెక్కి వెళ్లిపోయాక మేం ఆ మాటే అనబోతే, ఆయన ఒప్పుకోలేదు. మా అక్కని ఎవరూ ఒక్క మాట అనొద్దు, ఊళ్లోకి వెళ్లి ఎక్కడా ఎత్తొద్దు, ఆవిడకి పరువంటే ప్రాణం అన్నారండీ."

రెండేళ్లు ఊరంతా తిరిగి నేను వాడి గురించి ఏం చెప్పానో నాకు తెలుసు. వాడు నా గురించి ఏం చెప్పాడో ఆ పూట తెలిసింది.