రాహేలక్క బాప్తిస్మం

మా చిన్నతనంలో... మా ఇంట్లో ఎవరమూ పరుగెత్తేవాళ్లం కాదు.

ఇల్లు ఇరుకని కాదు. ఇంట్లో మా రాహేలక్క ఉండేది. ఆమె ఎముకలు పెళుసు. పసిబిడ్డప్పుడు అమ్మ ఎత్తుకోబోతే చెయ్యి విరిగింది. ఒకసారి గట్టిగా తుమ్మితే పక్కటెముక విరిగింది. కట్టు కట్టే తాత వెదురుబద్దలు, కోడిగుడ్డు సొన పట్టుకొని మా ఇంటికి వస్తానే ఉండేవాడు... పదహారేళ్లొచ్చినా ఆమె నా అంతే ఉండేది, ఎనిమిదేళ్ల పిల్లంత. కంట్లో తెల్లగుడ్డు లేత నీలంగా ఉండేది.

పంతొమ్మిదొందల యాభైల నాటి మాట ఇది. ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దోవలో మా ఊరు. నాయన మగ్గం మీద దుప్పట్లు నేసేవాడు. అమ్మ ఆదోని పత్తి మిల్లులో కూలికి పోయి, ఆడ ఊడ్చి పారేసే పత్తిని అడిగి మూట గట్టుకొని తెచ్చేది. అక్క పరుపు నిండా ఆ పత్తే. దానిమీద కూర్చొని రాట్నం తిప్పి నాయనకు నూలు కండెలు చుట్టి ఇచ్చేది. చేతులు ఆడినంత సేపూ నోరు ఆడేది. "ఒళ్లంతా విరిగినా నీ నోరు మాత్రం గట్టిదే తల్లీ" అనేది అమ్మ.

మా ఇంటి ముందు జాలిపడేవాళ్ల కంటే పాపం వెతికేవాళ్లు ఎక్కువ. "కన్నవాళ్లు ఏం చేసింటారో..." అనుకుంటా పోయేవాళ్లు.

అయ్యా, అమ్మా! పుట్టుగుడ్డివాణ్ణి చూపించి శిష్యులు అడిగింది ఇదే కదా, వీడు చేసిన పాపమా, వీణ్ణి కన్నవాళ్లదా అని? రెండూ కాదన్నాడు ప్రభువు! నేను బడి మొహం చూడనిదాన్ని, వాక్యం చదవాలనే అక్షరాలు కూడబలుక్కున్నదాన్ని... నాకే అర్థమైన మాట, పుట్టినప్పటి నుంచీ వింటాండేవాళ్లకు ఎందుకు ఎక్కలేదు?

అక్కకు ఒకటే కోరిక. బాప్తిస్మం. అది తీసుకోనివాళ్లకు గుడిలో ప్రభువు బల్ల దగ్గర పంచే రొట్టె లేదు. నాయన ఆదివారం ఆమెను గంపలో పత్తి వేసి కూర్చోబెట్టుకొని గుడికి తెచ్చేవాడు. రొట్టె పళ్లెం వరసలో వస్తా వస్తా... ఆమెను దాటి పోయేది. ఆ పూట ఇంట్లో అన్నం ముట్టేది కాదు.

మా గుడిలో వాక్యం చెప్పే అయ్యగారు మంచివాడే. కానీ మాది నీళ్లలో ముంచే సంఘం, తలమీద చల్లితే చెల్లదు. ఊరి పక్క పారే వంకలో నడుము లోతున నిలబెట్టి, మెడ కింద ఒక చెయ్యి పెట్టి వెనక్కి వాల్చి ముంచాల.

"నా చేతుల్లో విరిగితే ఎట్లమ్మా?" అన్నాడు ఒకరోజు మా ఇంటికొచ్చి.

"విరిగితే నా ఎముకలే కదా అయ్యగారూ విరిగేది. మీకేం నొప్పి?" అనింది అక్క.

నాయన నవ్వాపుకోలేక మగ్గం మీదికి తల వంచుకున్నాడు. అమ్మకు కోపమొచ్చింది. "నీకేమే, మాట్లాడతావు! నువ్వు మూలుగుతాంటే మేలుకొనేది నేను. బాప్తిస్మం లేకుంటే దేవుడు నిన్ను తోసేస్తాడా?"

"దేవుడు తొయ్యడమ్మా. మనోళ్లే తోస్తాండారు, ఆదివారం ఆదివారం."



ఉపాయమూ అక్కే చెప్పింది. "బైబిల్లో ఇంటి కప్పు విప్పి, పక్షవాయువు ఆయన్ను నలుగురు పరుపుతోనే ప్రభువు ముందర దింపలేదా? నన్ను దుప్పట్లో పెట్టి దింపండి."

అయ్యగారు మగ్గం మీది దుప్పటి లాగి చూసినాడు. "నలుగురు కావాల కదమ్మా. ఎవరెవరు?"

"ఒక కొస నాది" అనింది మా అమ్మ.

నాయన కొత్త దుప్పటి నేసినాడు, పోగులు బిగించి, సాగకుండా. వానలు పడి వంకకు నీళ్లొచ్చినాయి. నాయన, అమ్మ, మా మేనమామ తలా ఒక కొస పట్టుకున్నారు. నాలుగోది అయ్యగారే పట్టుకున్నాడు. గట్టు మీద సంఘమోళ్ల పాట ఆగిపోయింది. మెల్లగా దించినారు. అక్క మునిగింది... లేచింది. నీళ్లు తాగిన దుప్పటి బరువెక్కి ఒక పక్క కుంగింది. అక్క "ప్రభువా!" అని అరిచింది. సంతోషంతో అరిచిందనుకున్నాం.

పొడి చీర చుట్టి గుడికి ఎత్తుకుపోయినారు. ఆ రోజు పళ్లెం ఆమె ముందు ఆగింది. కుడిచేత్తో రొట్టె తీసుకొని, కళ్లు మూసుకొని తినింది.

ఇంటికొచ్చి చీర విప్పితే ఎడమచెయ్యి వాచి ఉంది.

"ఎప్పుడు విరిగిందే?" అనింది అమ్మ.

"నీళ్లలోనే. అప్పుడే చెప్పింటే కట్టు కట్టే తాత దగ్గరికి ఎత్తుకుపోయేవాళ్లు. రొట్టె మళ్లా దాటిపోయేది."

అయ్యగారు విని వచ్చి, గుమ్మంలో నిలబడి కళ్లు తుడుచుకున్నాడు. అక్క ఆయన్నే చూసి అడిగింది. "అయ్యగారూ, చెయ్యి విరిగినా బాప్తిస్మం చెల్లినట్టేనా? మళ్లా ముంచాల్నా?"

"చెల్లింది తల్లీ... చెల్లింది."

"అట్లయితే కూర్చోండి. మజ్జిగ తాగి పోండి."

తర్వాత కొన్నేళ్లే బతికింది మా అక్క. ఒక చలికాలం రొమ్ము పట్టేసి, ఊపిరాడక పోయింది. కానీ ఆ కొన్నేళ్లలో ఏ ఆదివారమూ పళ్లెం ఆమెను దాటి పోలేదు.

ఈమధ్య ఒక డాక్టరమ్మకు ఇదంతా చెప్తే, అది పుట్టుకతోనే జన్యువుల్లో వచ్చే అరుదైన జబ్బు, కంట్లో నీలం కూడా దాని గుర్తే అనింది. మా అమ్మ బతికుంటే ఆ ఒక్క మాట వినిపించాలని ఎంత ఉండిందో... తన పాపమేనేమోనని పోయేదాకా లోపల్లోపల కుమిలింది ఆ తల్లి.

ఇప్పుడు గుళ్లలోనే తొట్లు కట్టినారు. కొళాయి తిప్పితే నీళ్లు, వానకోసం చూసే పని లేదు. జబ్బులకు పేర్లొచ్చినాయి, మందులొచ్చినాయి. అయినా ఇట్లాంటి బిడ్డను చుట్టాలొస్తే లోపలి గదిలో పెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. నేను చూసినాను. చెప్పాల్సిన నాలుగు మాటలూ గట్టిగానే చెప్పి వచ్చినాను.

మీ ఇళ్లలోనూ అట్లాంటి అక్కో, మామో, తమ్ముడో ఉండింటారు... జబ్బు పేరు వద్దు. వాళ్ల పేరు రాయండి ఈడ, దీని కిందనే. వచ్చే ఆదివారం సంఘం ముందు నిలబడి ఒక్కొక్క పేరూ బిగ్గరగా చదువుతాను.