ఎర్రకళ్ళ పాలపిట్ట

అండమాన్‌లో కొత్త ఊళ్ళు వెలుస్తున్న రోజుల్లో నేను ఫెరార్గంజ్‌లో ఉపాధ్యాయుడిగా చేరాను. ఆ దసరానాడు, పాలపిట్టను చూడనిదే ముద్ద ముట్టనని మా అమ్మ పట్టుబట్టింది. ఈ దీవుల్లో ఆ పిట్ట లేదన్నా వినలేదు. మధ్యాహ్నం దాకా అడవి అంచున తిరిగేసరికి ఆమె ఇక నడవలేక చతికిలబడింది. అంతలో అత్తిచెట్టు మీద నీలం వీపు, నల్లని పొట్ట, ఎర్రని కళ్ళు గల పిట్ట ఒకటి ఈల వేస్తూ కొమ్మ నుంచి కొమ్మకు గెంతింది. అబద్ధమాడిన పిల్లలను బెంచీ ఎక్కించే నేను, "అదిగో అమ్మా, పాలపిట్ట!" అన్నాను.

అమ్మ దండం పెట్టి, ఇంటికొచ్చి భోజనానికి కూర్చుంది. నేను కుదురుగా కూర్చోలేక, నిజం చెప్పబోయాను.

"పాలపిట్టకి ఎర్రకళ్ళుండవని నాకు తెల్దేటిరా? నీ అవస్థ సూడలేక దండమెట్టాను. తిను" అంది.

ఆనాటి నుంచి, బెంచీ ఎక్కించేముందు అబద్ధమెందుకాడావని పిల్లలను అడగడం నేర్చుకున్నాను.