నాయన బయటికి నడిచిన రోజు

పోయిన వారం మా వీధి వాట్సాప్ గ్రూపులో గొడవ మొదలైంది. మా పట్టణ పంచాయతీ వాళ్ళు ట్రస్టు ఆస్పత్రికి స్కాన్ మిషను కోసం మళ్ళీ పన్నుల సొమ్ములోంచి సాయం చేస్తారట. రోజూ పూల బొమ్మలతో శుభోదయం పంపడం తప్ప వేరే పని ఎరగని పెద్దమనుషులందరూ ఒక్క పూటలో ఆర్థిక నిపుణులైపోయారు. మా అమ్మాయికి ఓటు ఇంకా రాలేదు గానీ కోపం మాత్రం వచ్చేసింది. ఫోను నా మొహం ముందు పెట్టి, జనం సొమ్ము ప్రైవేటు ఆస్పత్రికి ఎందుకివ్వాలమ్మా అని నిలదీసింది. అచ్చం వాళ్ళ తాత గొంతు. ఆ సొమ్ము మీదే నువ్వు ఊపిరి పీల్చావే అని చెబితే మరీ నాటకంలా ఉంటుందని ఊరుకున్నాను. ఆ పూట పొయ్యి మీద కూర మాడింది.

తమిళనాడులో ధర్మపురి నుంచి పాపారపట్టి వైపు పోయే బస్సులో మధ్యలో దిగితే వచ్చే చిన్న పట్టణం మాది. పేరు చెప్పను, అప్పటి వార్డు మెంబర్లు చాలామంది ఇంకా దిట్టంగానే ఉన్నారు. మా నాయన అందులో ఒకరు. గొర్రెలూ నాలుగు పాడి ఆవులూ తప్ప ఆస్తి లేని మనిషిని జనం ఎందుకు ఎన్నుకున్నారంటే, ఆయన గొంతుకు మైకు అక్కర్లేదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం మాట్లాడే మా వాళ్ళలో రెండు భాషల్లోనూ ఒకే జోరుతో పోట్లాడగలిగింది ఆయనొక్కడే.

ఆయన పోట్లాటల్లో పెద్దది ట్రస్టు ఆస్పత్రి మీదే. అది లాభం చూసుకునే ఆస్పత్రి కాదు, ఫీజు తక్కువే. అయినా నడిపేది ప్రైవేటు ట్రస్టు. వాళ్ళు పంచాయతీని సాయం అడిగినప్పుడల్లా నాయన లేచి, మా వీధికి కుళాయి లేదు, ముందు అది చూడండి అనేవాడు. "ఎవురి ఆవుకో మనం మేత వేస్తే పాలెవురు పిండుకుంటారప్పా?" అని అడిగేవాడు. నిజం చెప్పాలంటే ఆ మాట తప్పని నేను ఇప్పటికీ అనలేను.

అలాంటి సమయంలో, తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చిన నాకు, ఎనిమిదో నెలలోనే నొప్పులు వచ్చాయి. ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ నిలవదు అని మా ముసలమ్మల శాస్త్రం. ఒక నెల ఎక్కువ ఉన్నందుకు మార్కులు తగ్గించే పరీక్ష లోకంలో అదొక్కటే అనుకుంటాను. దగ్గర్లో ఉన్నది ట్రస్టు ఆస్పత్రే కాబట్టి అక్కడే పుట్టింది మా అమ్మాయి, తోలు తీసిన ఉల్లిపాయంత నునుపుగా, దాదాపు అంతే బరువుగా.

బిడ్డను వెచ్చటి గాజుపెట్టెలో పడుకోబెట్టారు. నెల తక్కువ పిల్లలు ఒక్కోసారి ఊపిరి తీసుకోవడం మరిచిపోతారట. మరిస్తే పక్కనున్న మిషను కూస్తుంది, నర్సమ్మ వచ్చి అరికాలు మీద వేలితో చిన్నగా కొడుతుంది, బిడ్డకు గుర్తొస్తుంది. మా వంశంలో మతిమరుపు ఉందని తెలుసు గానీ ఇంత తొందరగా బయటపడుతుందని అనుకోలేదు. ఇలా హాస్యం ఆడుతున్నాను గానీ, ఆ రోజుల్లో నాకు కంటి మీద రెప్ప వేయాలంటేనే భయం, వేసిన రెప్ప తెరవాలంటే అంతకన్నా భయం.

అసలు భయం కరెంటు. నా ఈడు వాళ్ళకు చెప్పనక్కర్లేదు, మన వైపు అప్పట్లో కరెంటు చుట్టంలాగా వచ్చి పోయేది. ఆస్పత్రి జనరేటరు ఆ నెలలోనే చచ్చిపోయింది. కరెంటు పోతే మిషను మూగబోతుంది, పెట్టె చల్లబడుతుంది. ధర్మపురిలో గాజుపెట్టె ఖాళీ లేదు, సేలం తీసుకుపోదామంటే తొప్పూరు కనుమ దిగాలి, ఆ మలుపుల్లో లారీలే తలకిందులవుతాయి, ఈ బిడ్డ అంత దూరం ఆగదు అని డాక్టరమ్మ అంది. కొత్త జనరేటరుకు పంచాయతీ సాయం చేస్తుందా లేదా అన్నది ఆ వారం మీటింగులో తేలాలి. దాన్ని తేల్చకుండా అడ్డుకుంటున్న మహానుభావుడు ఎవరో మీకు చెప్పాను కదా.

నాయన ఒకసారి వచ్చాడు. గాజు అవతల నిలబడి లోపలికి తొంగి చూసి, "పాలు తాగతా ఉందా?" అని మాత్రం అడిగాడు. ఆయన పోయాక మా అత్త నా మంచం మీద కూర్చుని, "మీ నాయన చెయ్యెత్తొద్దులే తల్లీ, నోరు మూసుకుంటే సాలు, మా వంశం నిలుస్తాది" అంది. నేను నవ్వబోయాను, కుట్లు నొప్పి పుట్టాయి.

మీటింగు రోజు పొద్దున పదింటికి కరెంటు పోయింది. మిషను మూగబోయింది, ఇక బిడ్డ ఊపిరి మరిచినా కూయదు. అంతవరకూ దాని కూతంటే వణికినదాన్ని, ఆ నిశ్శబ్దానికి రాయినైపోయాను. నర్సమ్మ బిడ్డను తీసి నా రొమ్ముల మధ్య బట్టతో కట్టి, కళ్ళు తిప్పకుండా చూడమ్మా, ఆగితే కాలు మీద కొట్టు అని చెప్పి, వేరే బిడ్డ దగ్గరికి పరుగెత్తింది. నా చర్మం మీద బిడ్డ పొట్ట లేచీ లేవనట్టు లేస్తోంది. అప్పుడే మా పిన్నమ్మ గుమ్మంలోకి వచ్చి, ఊళ్ళో ఎవరికీ లేని తొందరతో, "మీ నాయన మీటింగులోంచి లేసి బయటికి పోయినాడంటమే! వెనకనే ఇంకో ముగ్గురు కౌన్సిలర్లు పోయినారంట!" అంది.

నలుగురు లేచిపోతే మీటింగు ఆగిపోయినట్టే, జనరేటరు రానట్టే, అంతే, అయిపోయింది అనుకున్నాను. కన్నతండ్రి మాట నెగ్గించుకోవడానికి నా బిడ్డ ఊపిరిని పంచాయతీ మెట్ల మీద వదిలేసి పోయాడు. కోపం రావాలి కదా, రాలేదు. ఒట్టి భయం. బిడ్డ పొట్ట ఆగినట్టనిపించి అరికాలు మీద కొట్టాను. కదల్లేదు. మళ్ళీ కొట్టాను. మా అమ్మాయి ఇప్పటికీ నేను లేపితే ఎంత విసుగ్గా మొహం పెడుతుందో అంత విసుగ్గానూ ముడుచుకుని, ఊపిరి తీసుకుంది.

జరిగింది మధ్యాహ్నం మా ఆయన వచ్చి చెప్పాడు. మా వాళ్ళ కులకూటాల్లో, అదే తగవులు తీర్చే కులపెద్దల సభల్లో, ఒక కట్టుబాటు ఉంది. తగవులో ఎవరికి సొంత లాభమో వాళ్ళు భుజం మీది తువ్వాలు తీసి, కూర్చున్నచోట పెట్టి బయటికి పోవాలి. వాళ్ళు ఔననకూడదు, కాదనకూడదు. ఆడవాళ్ళను కూటంలోకి రానివ్వరు కాబట్టి నాకు ఈ సంగతే తెలియదు. మనవరాలు అక్కడే ఉంది కాబట్టి, ఆస్పత్రి మాట రాగానే నాయన ఆ కట్టు ప్రకారం, తువ్వాలు కుర్చీ మీద వేసి నడిచాడు. ఎప్పుడూ ఆయన వెంట చెయ్యెత్తే తమిళ మెంబర్లు ముగ్గురికి ఈ కట్టు ఎక్కడ తెలుస్తుంది? మన అన్న నిరసనగా బయటికి పోతున్నాడని వాళ్ళూ తువ్వాళ్ళు విసిరి, నినాదాలిస్తూ వెనకే వచ్చేశారు. లోపల వద్దనేవాడు ఒక్కడూ మిగల్లేదు. మిగిలినవాళ్ళు చేతులెత్తారు, తీర్మానం అయిపోయింది. ఆ సరికి వీళ్ళు టీకొట్టు దగ్గర నాయనను పొగుడుతున్నారట. ఆయన అసలు సంగతి విప్పి చెబితే ఒకడు, ముందే చెప్పుంటే ఈ టీ డబ్బులు మీ చేతే కట్టించేవాళ్ళం కదన్నా అన్నాడట.

జనరేటరు వచ్చింది. బిడ్డ ఇంటికి వచ్చింది. పాత జిత్తులమారి, మనవరాలి కోసం భలే ఎత్తు వేసినాడు అని ఊరు నవ్వింది. నిజాయితీగా నడిచి దొంగ పేరు తెచ్చుకున్న మనిషి మా నాయన. ఆ తర్వాత మళ్ళీ ఎన్నికల్లో నిలబడలేదు.

ఇప్పుడు ఆ ఆస్పత్రి మిద్దె మీద సోలారు పలకలు మెరుస్తున్నాయి, కరెంటు పోయిన సంగతి పసిపిల్లలకు తెలియనే తెలియదు. పంచాయతీలో కాంట్రాక్టు బామ్మర్దిదైనా, కొట్టు కొడుకుదైనా, రెండు చేతులూ ఎత్తేవాళ్ళే గానీ కుర్చీ వదిలేవాళ్ళు కనిపించరు. ఊరి సొమ్ము ముందు మనిషి జంకడమన్నది మా నాయనల తరంతో ముగిసిందేమో.

నాయన ఉన్నాడు, వినికిడి తగ్గింది గానీ గొంతు తగ్గలేదు. సాయంత్రాలు ఆయన పక్కన కూర్చుంటాను. ఆ రోజు నువ్వు లోపలే ఉండుంటే చెయ్యి ఎటు ఎత్తేవాడివి నాయనా అన్న మాట నాలుక చివరి దాకా వస్తుంది. దేన్నైనా ఎగతాళి చేస్తానని నాకు పేరు. అది మాత్రం ఇన్నేళ్ళుగా అడగలేకపోతున్నాను. ఆయన నిజం చెప్పేస్తాడని భయం.