మనిషి పట్టే గొట్టం

మురుగు గొట్టాలు వేయాలంటే ఇప్పుడున్న జనాన్ని చూస్తే చాలదు, ముప్పై ఏళ్ల తర్వాత ఆ ఊళ్లో ఎంతమంది ఉంటారో చూడాలి. హైదరాబాదులో కూర్చుని ఆ లెక్కలు వేయడమే నా ఉద్యోగం. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చూసి రమ్మన్నారు. ఫ్యాక్షన్ రోజులు. మా ఆవిడ వద్దంటే వద్దంది. “మురుక్కాలవల వాడితో ఎవరికి పగ?” అని నవ్వి రైలెక్కాను.

తెల్లారేసరికి ఎర్రగుంట్లలో దిగి, బస్సులో ప్రొద్దుటూరు చేరాను. లాడ్జిలో స్నానం, హోటల్లో ఉగ్గాని, బజ్జీ. కారానికి కళ్లల్లో నీళ్లు తిరిగినా ఇంకో ప్లేటు చెప్పాను. బంగారం అంగళ్ల బజారులో మేడ మీద మేడ లేస్తోంది, కింద కాలువ మాత్రం జానెడే. అక్కడ రెండు రోజులు కొలతలు తీసుకుని, మూడోనాడు ఏడింటి బస్సుకు జమ్మలమడుగు బయల్దేరాను.

పక్క సీట్లో గొర్రెల వ్యాపారి. “యాడికి పోతాండావప్పా?” అన్నాడు. చెప్పాను.

“ఏ పార్టీ వాళ్లు పిలిపించినారు?”

“పార్టీ ఏంటండీ, మురుగు కాలువ పని.”

“ఈడ కాలువకూ పార్టీ ఉంటాది,” అన్నాడు. హాస్యమనుకున్నాను.

జమ్మలమడుగులో నేను చూసిన పల్లపు వీధి పేరు రాయను. పై వీధుల మురికంతా చేరేది అక్కడికే. నారాయణమ్మ అనే ఆవిడ తన ఇంట్లోకి పిలిచి, గోడ మీద మోకాలెత్తు మరక చూపించింది. “వానొస్తే మురికంతా ఇంట్లోకే సార్. మనవరాలికి కామెర్లొచ్చి సావు తప్పింది. ఈ పని చెయ్, శానా పుణ్యముంటాది.” బయట అరుగు మీద కూర్చోబెట్టి జొన్నరొట్టె పెట్టింది. ఆ కంపులో రొట్టె ఎలా దిగిందో నాకే తెలీదు. ఆమె కొడుకు ఓబులేసు లోపలి నుంచే పలకరించాడు, గడప దాటలేదు. అతని తండ్రినీ, అన్ననూ చంపినవాళ్లు పై వీధిలోనే ఉన్నారట. అతను బయటికొచ్చి నెలలైందని ఆమే చెప్పింది.

“ముప్పై ఏళ్లు దిగుల్లేని గొట్టం వేయిస్తానమ్మా,” అని గొప్పగా అని, సుద్దముక్కతో అరుగు మీద దాని వెడల్పు గుండ్రంగా గీశాను. నారాయణమ్మ కాసేపు చూసింది. కుచ్చెళ్లు ఎత్తిపట్టి ఆ గీతలో గొంతుక్కూర్చుంది. మోకాళ్లు ముడుచుకుని తల వంచింది.

“మనిషి పట్టేంత ఉందే!” అంది.

“ఉంటే ఏం?”

“పైకొస యాడుంటాది సార్?”

“పై వీధిలో.”

ఆమె మొహం పాలిపోయింది. “ఇంత గొట్టం వద్దు సార్.”

నాకు ఒళ్లు మండింది. చిన్నది వేస్తే ఊరు పెరిగేకొద్దీ పొంగి మళ్లీ మీ ఇంట్లోకే వస్తుందన్నాను. మనిషి దూరకుండా ఇనుప జాలీ పెట్టిస్తానన్నాను.

“తలుపులు నరికినోళ్లకు జాలీ ఒక అడ్డమా? మురికొస్తే ఎత్తిపోసుకుంటాం. మనిషొస్తే ఏం జేసేది? కొడుకని మిగిలింది వాడొక్కడే సార్.”

కొంగు తడిపి ఆ గీతను తుడిచేసింది.

సాయంత్రం ముద్దనూరు మీదుగా పులివెందుల చేరాను. మర్నాడు టీ తాగుతూ అక్కడి ఇంజనీరుకు జరిగింది చెప్పాను. ఆయనేం ఆశ్చర్యపోలేదు. “కొలత సూపించినారా? ఈపాటికి పై వీధికీ తెలిసుంటాది. వాళ్లూ ఒప్పరు సార్. కింద నుంచి పైకీ పాకొచ్చు గదా!” అన్నాడు. అయ్యో దేవుడా అనుకున్నాను.

ముద్దనూరులో తిరుగు రైలెక్కాను. ఆ వైపు వెళ్లేవారికి చెబుతున్నాను, బస్సులు వేళకే నడుస్తాయి, తిండికి లోటు లేదు, మనుషులు అడక్కపోయినా అన్నం పెడతారు. అలా అన్నం పెట్టిన ఇంట్లో మురుగు గొట్టానికి భయపడుతున్నారంటే నాకిప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు. రైల్లో కాగితాలు తీసి, పెద్ద గొట్టం కొట్టేసి, దాని బదులు పక్కపక్కనే సన్నవి రెండు గీశాను. ఎంత సన్నగా ఉండాలో తేల్చుకోవడానికి జనాభా లెక్క చూడలేదు. టేపు తీసి నా భుజాల వెడల్పు కొలుచుకున్నాను. ఎదుటి సీటాయన “చొక్కా కుట్టించుకుంటున్నారా?” అని అడిగాడు. అవునన్నాను.