పసుపు వద్దన్న రాజవ్వ అత్త

మా మేనత్త రాజవ్వ కన్నుమూసి నేటికి పదకొండు రోజులు. బోధన్ చుట్టుపక్కల ఆమె వండిన బెల్లం తినని ఇల్లు లేదు గనుక, వార్త విన్నవారంతా ఒకటే అడిగారు: ఎట్లా పోయింది? గానుగ దూలం తగిలి పడిందని మామ చెప్పాడు. మా ఇంటివాళ్లూ అదే చెప్పారు. నేనూ తల ఊపాను. అది అబద్ధం. మామ ఆమె రొమ్ము మీద తన్నాడు. పడిపోయిన తరువాత కూడా తన్నాడు. చెరుకు ఆడే రోజుల్లో అత్తకు తోడుగా నన్ను నిజామాబాద్ నుంచి పంపేవారు. కొట్టం తలుపు సందులోంచి నేను చూశాను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నా డైరీలో కూడా రాసుకోలేదు.

పండితుల మీద, దాతల మీద సంస్మరణలు పత్రికల్లో చదివాను. బెల్లం వండిన స్త్రీ మీద ఎవరూ రాయగా చూడలేదు. నాకు చేతనవుతుందో లేదో తెలియదు. కాని ఆమెను ఎరిగిన ఆడవాళ్లలో అక్షరం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే.

అత్త చేయి పెద్దది, నోరు అంతకన్నా పెద్దది. పాకం చుక్కను నీళ్లలో వేసి, వేళ్ల మధ్య ఉండ చేసి చూసి, "ఇగ దించుండ్రి" అంటే అదే ఆజ్ఞ. ఒకసారి చెరుకు బేరానికి వచ్చిన దళారి, గడలు మోస్తున్న కూలిపిల్ల భుజం మీద చేయి వేశాడు. అత్త గరిటెడు మరిగే రసం తీసి వాడి కాళ్ల మీద పోసింది. వాడు గంతులు వేస్తుంటే, "పాకం ముదరలే, నీ నసీబు మంచిది. ముదిరితే తోలు సుత ఊడొచ్చేది" అంది.

అంతటి మనిషి మామ చేతి దెబ్బలు ఎందుకు పడింది? ఒక రోజు ధైర్యం చేసి అడిగాను.

"వాడు పరాయోడు బిడ్డా. పరాయోన్ని కొడ్తే ఊరు నవ్వుతది. మొగన్ని కొట్టి పుట్టింటికొస్తే మీ బాపు మల్ల తీస్కొచ్చి గీడనే ఇడుస్తడు."

నిజమే. మా బాపు మూడుసార్లు అట్లాగే తెచ్చి విడిచాడు.

తన్నులు తిన్న తరువాత మూడు రోజులు అత్త రక్తం కక్కింది. హకీమును పిలుస్తానంటే, "హకీం వచ్చి ఏం జేస్తడు? కాగితం పట్కరా" అంది. తెచ్చాను. బడిలో నేర్చిన తెలుగులో మొదలుపెట్టాను: "నా భర్తగారు నా చితికి నిప్పంటించరాదు." చదివి వినిపిస్తే, నవ్వబోయి డొక్క పట్టుకుంది.

"భర్తగారు ఎవడే? గా పేరుగల్లోడు మా ఇంట్ల ఎప్పుడు లేకుండె. కొట్టేయ్. నేనన్నట్టు రాయి."

కొట్టేసి, ఆమె అన్నట్టే రాశాను.

"గీ మొగడు నాకు కొరివి పెట్టొద్దు. మా అన్న పెట్టాలె. నాకు పసుపు రాయొద్దు, కుంకుమ పెట్టొద్దు. ఆడు తెచ్చిన చీర కప్పొద్దు. బెల్లం వండంగ కట్టుకునే నల్ల చీర కప్పుండ్రి, బొక్కలున్నా సరే. డప్పులోళ్లకు ముందుగాల కల్లు పొయ్యకుండ్రి, దెబ్బ తప్పుతది."

"పసుపు ఎందుకు వద్దత్తా?"

"మొగడుండంగ పోయింది, పున్నెమంతురాలు అంటరు. నా నొసటి కుంకుమ దీసి తమ నొసట పెట్టుకుంటరు ఆడోళ్లు. గీ బతుకు ఇంకోదానికి అంటియ్యమంటవా?"

సిరా బదులు బెల్లం కడాయి అడుగు మసిని బొటనవేలికి రాసి, ముద్ర వేసింది.

మరునాడు పొద్దెక్కకముందే పోయింది. బాపు వచ్చేసరికి శవాన్ని వాకిట్లో పడుకోబెట్టారు. మామ ఎర్రచీర పట్టుకుని నిలుచున్నాడు. మామ వాళ్ల అక్క, అత్త పాదాలకు పసుపు రాస్తూ, "ముత్తైదు చావు! ఎంత నసీబు జేసుకున్నదో" అని కళ్లు తుడుచుకుంది. కాగితం నా పిడికిట్లోనే ఉంది. పసుపు మడమలు దాటింది, మోకాళ్లకు వచ్చింది. కుంకుమ భరిణె మూత తీసినప్పుడు గాని నేను "ఆపుండ్రి" అనలేదు.

చదివాను. "కొరివి పెట్టొద్దు" అన్న మాట దగ్గర మామ నా జుట్టు పట్టి గోడకు కొట్టాడు. కాగితం గుంజుకుని చింపాడు. నాకు పెదవి చిట్లింది. రాసినదాన్ని నేనే కదా, అంతా నోటికి వచ్చు. రక్తం మింగుతూ మిగిలినదీ చెప్పాను. మామ చెరుకు కొట్టే కత్తి కోసం వంగాడు.

జన్మలో గొంతు పెంచని మా బాపు, కడుతున్న పాడెలోంచి వెదురు లాగి మామ భుజం మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. "మూడుసార్లు... నేనే... తెచ్చి ఇడిసిన్రా... నీ కాడ!" ఒక్కొక్క మాటకు ఒక్కొక్క దెబ్బ. వెదురు చీలింది. జనం బాపును పట్టుకున్నారు. నలుగురు కలిసి మామను గానుగ గుంజకు కట్టేశారు.

"పుట్టింటోడు కొరివి పెట్టుడు యాడన్న ఉన్నదా?" అని ఒక పెద్దమనిషి అడిగాడు.

"గిప్పటి సంది ఉన్నది" అన్నాడు బాపు.

నేను కూర్చుని అత్త కాళ్లు కడిగాను. మోకాళ్లు శుభ్రమయ్యాయి గాని, మడమల పగుళ్లలో పసుపు పోలేదు. ఎంత రుద్దినా పోలేదు. అది నా భయం మిగిల్చిన పసుపు. ఆ ఒక్క మాట నేను పూర్తిగా నిలబెట్టలేకపోయాను. నల్లచీరలో, చీలిన వెదురు పాడె మీద అత్త మంజీర ఒడ్డుకు చేరింది. బాపు కొరివి పెట్టాడు.

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ నడిస్తే ఇక గానుగలే ఉండవంటున్నారు. ఉన్నా, పాకం పదును తెలిసిన ఆ వేళ్లు లేవు. మరిగే రసంతో ఒక పిల్లకు అడ్డం నిలిచే ఆ మనిషి లేదు. ఆ లోటు పూడ్చగలవారు మా కుటుంబంలో లేరు, నాకు తెలిసిన లోకంలోనూ లేరు. ఆమె పాదాలకు ఈ అక్షరాలతోనే మొక్కుతున్నాను.

కాగితం మీద ముద్ర వేసిన సాయంత్రం, వేలి మసిని కొంగుకు తుడుచుకుని, అత్త నా ముఖం వంక చూసింది. ఆమె నాతో మాట్లాడడం అదే ఆఖరు. అప్పుడు అన్నది ఇంతే:

"పో, బువ్వ తిను బిడ్డా. రేపు నీకు గొంతు చించుకొని ఒర్రే పనున్నది."