వంగని గుర్తు

లేని సరుకును ఉన్నట్టు అమ్మడంలో ఇబ్రహీంపట్నంలో నన్ను మించినవాడు లేడు. కిరాణా కొట్లో పెరిగినవాణ్ణి. అడిగిన సబ్బు లేకపోతే ఇంకో సబ్బు చేతిలో పెట్టి పంపడం మా ఇంటి విద్య. ఆ విద్య ఒకసారి గణితం మీద చూపించాను. ఆ బరువు ఏళ్లుగా మోస్తున్నాను. మీకైనా చెప్పాలి.

కాలేజీల దారిలో నాది టైపింగు షాపు. లెక్కలుండే పనులు లేటెక్ అనే సాఫ్ట్‌వేరులో చేస్తాం. అందులో ప్రతి గుర్తుకూ ఒక కమాండ్ ఉంటుంది. అది తెలియకపోతే గుర్తు రాదు. కందుకూరు నుంచి బస్సులో వచ్చి ఇక్కడి కాలేజీలో లెక్కలు చెప్పే సరిత తన పీహెచ్‌డీ థీసిస్ నాకిచ్చింది. అందులో 'ఇది దానికంటే ముందు' అని చెప్పే గుర్తు ఒకటుంది: ≺. 'చిన్నది' అనే < లాంటిదే, కాకపోతే చేతులు వంగి ఉంటాయి. దాని కమాండ్ కోసం కాసేపు వెతికాను. విసుగొచ్చింది. అంతటా < పెట్టేశాను. అంత చిన్న వంపు ఎవరు చూస్తారు?

ఆమె చూసింది. సాయంత్రంలోగా థీసిస్ ఇచ్చేయాలి. డిగ్రీ వస్తే ఉద్యోగం పర్మనెంటు.

"అన్నా, గిది వంగి ఉండాలె గదా?"

"స్క్రీన్ మీద గట్లనే కనవడ్తది అక్కా. కాయితం మీద పడ్డంక వంగుతది. ఫికర్ చెయ్యకు."

"నిజమేనా? నా నౌకరి నీ చేతుల ఉన్నది మల్ల."

"అవ్. గ్యారంటీ."

బైండింగు అయ్యాక తెరిచి చూసే తీరిక లేక, అలాగే పట్టుకుని పరుగెత్తింది.

పరీక్షకుల దగ్గర్నుంచి థీసిస్ తిరిగొచ్చింది. ఆమె రెండు గుర్తులనూ రెండు అర్థాల్లో వాడింది. నేను రెంటినీ ఒకటి చేశాను. ఆమె నిరూపణలు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. దిద్ది మళ్లీ ఇచ్చేలోపు ఆ ఉద్యోగం ఇంకొకరికి పోయింది.

నిలదీస్తుందని జవాబులు సిద్ధం చేసుకున్నాను. సాఫ్ట్‌వేరు, ప్రింటరు, కరెంటు. ఆమె మాత్రం, "తప్పు నాదే అన్నా. ప్రింటు సూస్కోవాల్సి ఉండె" అంది. నేను దిద్దడానికి మళ్లీ డబ్బు తీసుకున్నాను. కొంత తగ్గించాను కూడా. ఆమె థ్యాంక్స్ చెప్పింది. అన్నిటికన్నా అదే గుచ్చుకుంటుంది.

దిద్దే రోజు కుదురుగా వెతికితే కమాండ్ దొరికింది. వెనక్కి వాలిన గీత, పక్కన ప్రెక్ అని నాలుగు ఇంగ్లిషు అక్షరాలు. టీ కూడా చల్లారలేదు. మరి మొదటిసారి నేను వెతకలేకపోయానా, ఆమెకు తెలియదులే అన్న ధీమాతో వెతకడం మానేశానా? చేతకాలేదనే మాటను ఇన్నేళ్లూ నాకు నేనే అమ్ముకున్నాను. కొన్నదీ నేనే.

రాస్తుంటే కొంచెం తేలికగా ఉంది. అంతే, బాకీ తీరలేదు. ఇప్పుడైనా బిల్లు సరిగ్గా వేస్తాను. దిద్దినందుకు ఆమె ఇవ్వాల్సింది ఏమీ లేదు. పోయిన ఉద్యోగం, తనదనుకుని ఆమె మోస్తున్న నా తప్పు, రెండూ నా పేర.

తగ్గింపు లేదు.